నెడ్రా వదిన, పిస్తోలు తూటా

నెడ్రా హార్క్‌లెస్ ముప్పై ఒక్కేళ్లు బడి బస్సు నడిపింది. ఒహాయో ఆగ్నేయపు కొండల్లో, మెలికలు తిరిగే మట్టిరోడ్ల మీద, మంచులోనూ బురదలోనూ, వెనకాల యాభై మంది పిల్లలు గొంతు చించుకుంటూ ఉంటే, ఒక్కనాడంటే ఒక్కనాడు బస్సును గుంటలో దించిన పాపాన పోలేదు. ఈ చుట్టుపక్కల యాభై ఏళ్ల లోపు మనిషి ఎవరైనా సరే, పోలీసు కానీ, పాస్టరు కానీ, నెడ్రా కళ్లద్దాల మీంచి ఒక్క చూపు చూసిందంటే ఇప్పటికీ నోట్లోది గుటుక్కున మింగి నిటారుగా కూర్చుంటాడు.

అలాంటి మనిషికి ఏం కావాలి? నగలడగలేదు. సముద్రం చూపించమని మొగుణ్ణి వేధించలేదు. ఏడాదికి ఏడు రోజులు, ఎవరూ పేరు పెట్టి పిలవని చోటొకటి కావాలంది, అంతే. ఆ చోటు పేరు జీనుకనుమ.

హార్క్‌లెస్ వాళ్ల పొలం వెనక పొడవాటి గట్టు ఉంది. దాని నడుమ, గుర్రం మీది జీనులా కాస్త పల్లమైన చోటు. అవతలి లోయలో మేసిన జింకలు ఇవతలికి రావాలంటే, గట్టంతా ఎక్కడం బద్ధకమై, ఆ పల్లంలోంచే దాటతాయి. బద్ధకం జింకకైనా మనిషికైనా ఒకటే. అక్కడ కూలిపోయిన ఓక్ చెట్టు వేళ్ల మధ్య నెడ్రా ఒక పాత బస్సు సీటు వేయించుకుంది. పెళ్లయిన నాలుగో ఏట మామగారు ఆమెను అక్కడికి తీసుకెళ్లి, "అమ్మాయ్, ఈ చోటు నీది," అన్నాడు. అప్పటి నుంచి ముప్పై ఎనిమిదేళ్లుగా, నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన సోమవారం తెల్లవారేసరికి ఆమె ఆ సీటులో ఉంటుంది. నిజం చెప్పాలంటే జింక కోసం వెళ్లేది సగమే. ఆ నిశ్శబ్దం కోసం మిగతా సగం. చెవులు కూడా అన్నం తిన్నట్టు ఉంటుందని మొగుడితో చెప్పేది.

అయితే చోటిచ్చిన ఆ మామగారే ఒక రివాజు కూడా పెట్టి పోయాడు. వరసగా మూడేళ్లు జింకను దించలేకపోతే, ఆ చోటు వరసలో తరువాతి వాళ్లకు వదిలెయ్యాలి. ఎందుకు పెట్టాడంటే, ఆయన తమ్ముడొకడు మంచి చోట కూర్చుని ఎనిమిదేళ్లు గురకపెట్టి నిద్రపోయాడట. జింకలు వచ్చి ఆయన బూట్లు వాసన చూసి వెళ్లిపోయేవట. న్యాయమైన రివాజే. తన మీదికి వచ్చేదాకా నెడ్రా కూడా న్యాయమనే అనేది.

రెండేళ్ల కిందట, పదవీ విరమణకు ఇంకా నెల ఉందనగా, మంచు గడ్డకట్టిన బస్సు మెట్ల మీద కాలు జారి కుడి భుజం విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల మేకులు బిగించారు. ఆ ఏడు వేట లేదు. మరుసటి ఏడు తన పాత షాట్‌గన్ భుజాన పెట్టుకుని వెళ్లింది. ఆ తుపాకి పేలితే వెనక్కి గాడిద తన్నినట్టు తంతుంది. బాగున్న భుజానికే అది కష్టం, ఇక మేకుల భుజానికి గోరుచుట్టు మీద రోకటిపోటే. వేటగాళ్ల లెక్కలో అడుగంటే మనిషి వేసే పెద్ద అంగ. అలాంటి నలభై అడుగుల దూరంలో ఆడజింక నిలబడి తోక ఊపుతుంటే, నెడ్రా గురిపెట్టింది, కళ్లు మూసుకుంది, వేలు కదల్లేదు. జింక వెళ్లిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బస్సు నడిపిన మనిషి భయపడిందని చెప్పుకుంటుందా?

అలా రెండేళ్లు పోయాయి. ఇది మూడోది. ఈసారి కూడా ఉత్తచేతుల్తో దిగితే జీనుకనుమ కోయ్‌కి పోతుంది. కోయ్ అంటే ఆమె మరిది డార్ల్ కొడుకు, నలభై ఏళ్లవాడు. పాపం వాడి చోటు వాగు మూల. అక్కడికి ఉడతలు తప్ప ఏమీ రావు.

డార్ల్ ఆ ఇంట వేటకు పెద్ద. అరవై ఏళ్లుంటాయి, మొరటు చేతులు, మనసు వెన్న, నోరు మాత్రం తాటిమట్ట. పంతొమ్మిదో ఏట తప్పిన గురి మళ్లీ తప్పలేదని ఏటా నాలుగైదుసార్లు గుర్తు చేస్తాడు. సెప్టెంబరులో ఒకనాడు వదినగారింటి వెనక టప్ టప్ మని చప్పుడు వింటే ఏమిటా అని వచ్చాడు. వచ్చి, నెడ్రా చేతిలోది చూసి నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఇదేంటి వదినా, బొమ్మ తుపాకా?"

"రైఫిలయ్యా. షాట్‌గన్ షాపులో ఇచ్చేసి ఇది తెచ్చుకున్నా."

పొట్టి గొట్టం, కింద లాగి తోసే లీవరు, అప్పుడే పుట్టిన పిల్లంత బరువు. డార్ల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, గొట్టం పక్కన చెక్కిన అక్షరాలు చదివాడు. త్రీ ఫిఫ్టీసెవెన్ మ్యాగ్నమ్.

"ఇది పిస్తోలు తూటా కదా!"

"అవును. అయితే ఏం? చట్టం ఒప్పుకుంది, నా భుజం ఒప్పుకుంది. మధ్యలో నీకేంటి?"

"దీంతో జింక చస్తుందా వదినా? చస్తే నవ్వి చావాలి. మ్యాగ్నమట మ్యాగ్నమ్! పేరు గొప్ప ఊరు దిబ్బ."

"పిట్ట కొంచెం కూత ఘనం అని వినలేదా? పిస్తోలు పొట్టి గొట్టంలో అది చేసేది వేరు, ఇంత పొడుగు గొట్టంలోంచి వస్తే వేరు. ఎనభై పెద్ద అంగలేసి కొలువు. అక్కడ నిలబడు, చూపిస్తా."

"బాబోయ్, నేను నిలబడను." డార్ల్ నిజంగానే రెండడుగులు వెనక్కేశాడు.

అప్పుడే నెడ్రా మొగుడు ఎల్డన్ వంటింటి తలుపు తీసుకుని, పిండి చేతులతో బయటికొచ్చాడు. ఎల్డన్‌కు చలీ పడదు, తుపాకి చప్పుడూ పడదు. ఆయన లోకమంతా ఆపిల్ పైలు, గుమ్మడి పైలు, అంటే రేకు పళ్లెంలో పిండి పరిచి, పళ్ల గుజ్జు నింపి కాల్చే తీపి వంటలు. ఈ జిల్లాలో పై చెయ్యడంలో ఆయన్ని మించిన ఆడమనిషి లేదు. దూరంగా కంచె గుంజకు వేలాడుతున్న రేకు పళ్లేలను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నెడ్రా! అవి నా పై పళ్లేలు!"

"పాతవేగా!"

"పాతవైతే? ఇప్పుడందులో పై చేస్తే రసమంతా పొయ్యిలోకి కారుతుంది. ఏడు పళ్లేలు జల్లెడ చేశావు."

డార్ల్ వెళ్లి ఆ పళ్లేలను చూసొచ్చాడు. చిల్లులన్నీ నడిమధ్యన, అరచేతిలో పట్టేంత మేర ఉన్నాయి. వచ్చి ఏమీ అనలేదు. ఒక ముక్క పై అడిగి తిని వెళ్లిపోయాడు. డార్ల్ నోరు మూసుకున్నాడంటే మెచ్చుకున్నట్టే.

ఆ రైఫిలుతో ఒక సౌకర్యం ఉంది. అదే గొట్టంలో రెండు రకాల తూటాలు పడతాయి. ఒకటి మ్యాగ్నమ్. ఇంకోటి దాని తమ్ముడు థర్టీఎయిట్. కాస్త పొట్టి, బాగా మెతక. నెడ్రా వేసవంతా దగ్గరి గురికి ఆ మెతకవాటితో చెయ్యి అలవాటు చేసుకుంది, భుజానికి భయం పోయేదాకా. ఆకులు రాలే కాలానికి మ్యాగ్నమ్‌కు మారి, ఎనభై అడుగుల వరకు పళ్లేన్ని తప్పకుండా కొట్టగలిగింది. తొంభైకి ఒకటి పక్కకు పోయింది. దాంతో తేల్చుకుంది, ఎనభై దాటితే అది జింక కాదు, చూసి ఆనందించాల్సిన బొమ్మ. జీనుకనుమ చుట్టూ ఎనభై అడుగుల దూరంలో చెట్లకు నీలం రిబ్బన్లు కట్టి వచ్చింది.

సోమవారం రానే వచ్చింది. బళ్లకు సెలవు, ఊరు ఊరంతా, వేటలో ఒకరినొకరు జింకనుకుని కాల్చుకోకుండా వేసుకునే నారింజరంగు చొక్కాల్లో. నెడ్రా తెల్లారకముందే గట్టెక్కి, చట్టం ఒప్పుకున్న మూడంటే మూడే తూటాలు ఎక్కించుకుని, బస్సు సీటులో సర్దుకుంది. పొద్దు పొడిచింది. మంచు పట్టిన ఆకులు తళతళలాడాయి. ఎక్కడో వడ్రంగిపిట్ట టకటకమంది. అబ్బ, ఎంత హాయి! ఎనిమిదింటికి రిబ్బన్ల అవతల, నూట ఇరవై అడుగుల దూరంలో, పది మొనల కొమ్ములతో మగజింక వచ్చి నిలబడింది. ఆ కొమ్ములు చూస్తే జిల్లా పేపర్లో ఫోటో ఖాయం. పక్కకు తిరిగి, ఫోటోకి నిలబడ్డట్టే నిలబడింది. ఒక నిమిషం గడిచింది, రెండో నిమిషమూ గడిచింది.

నెడ్రా రైఫిలు పైకెత్తింది. "ఒక్కడుగు రా నాన్నా, ఒక్క నలభై అడుగులు," అని పెదాలతోనే బతిమాలింది. రాలేదు. రైఫిలు ఒళ్లో పెట్టుకుంది. తగిలీ తగలక గాయంతో పరుగెత్తే జింకను మూడు రోజులు వెతికినవాళ్లను ఆమె చూసింది. చోటు పోతే పోయింది కానీ, ఆ పని మాత్రం చెయ్యలేదు. జింక తీరుబడిగా ఒక కొమ్మ కొరికి, వచ్చిన దారినే పోయింది.

మధ్యాహ్నం అందరూ చేరేది డార్ల్ పొలంలోని పాత పాలకొట్టులో. ఇప్పుడు అందులో పాలు లేవు, ఇనుప పొయ్యి, బెంచీలు, హ్యామ్ ఎముక వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, ఎల్డన్ పంపిన రెండు పైలు ఉన్నాయి. నెడ్రా పది మొనల సంగతి చెప్పేసరికి డార్ల్ చెంచా కింద పడేశాడు.

"నిలబడిందా? రెండు నిమిషాలా? నువ్వు చూస్తూ కూర్చున్నావా?"

"రిబ్బన్ అవతలుంది."

"రిబ్బన్! వదినా, జింకకు రిబ్బన్ కనపడుతుందా? నా షాట్‌గన్ అయితే అక్కడికక్కడే పడుకోబెట్టేది."

"నీ షాట్‌గన్ అయితే నన్నే పడుకోబెట్టేది. రొట్టె ఇటు తొయ్యి."

కోయ్ కిసుక్కున నవ్వాడు. డార్ల్ కూడా నవ్వి, ఆ తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకా ఆరు రోజులే వదినా. రివాజు రివాజే. నాన్న పెట్టింది నేను మార్చలేను."

"మార్చమని నేనడిగానా?" అంది నెడ్రా. గట్టిగానే అంది. కానీ ఆ మధ్యాహ్నం గట్టెక్కుతుంటే ఆమె కాళ్లు బరువుగా పడ్డాయి.

మంగళవారం వాన పడింది. బుధవారం వానకు గాలి తోడైంది, ఒక్క తోకైనా కదల్లేదు. ఆ సాయంత్రం ఎల్డన్, పెళ్లాం తడిసి ముద్దై వచ్చిందని జాలిపడి, ఆ నారింజరంగు కోటు తీసుకుని ఉతికేశాడు. అదీ లావెండరు పూల వాసన సబ్బుతో. గురువారం తెల్లవారుజామున కోటు తొడుక్కున్న నెడ్రా ముక్కెగరేసింది.

"ఏమయ్యా, నేను వేటకెళ్తున్నానా పెళ్లికెళ్తున్నానా?"

"శుభ్రంగా ఉంటే జింకలకేమన్నా కోపమా?" అన్నాడు ఎల్డన్ అమాయకంగా. "జేబుల్లోవన్నీ జాగ్రత్తగా తీసి మళ్లీ జేబుల్లోనే పెట్టాను."

పెట్టాడు, నిజమే. కానీ కుడి జేబులోవి ఎడమకు, ఎడమ జేబులోవి కుడికి పెట్టాడు. నెడ్రా కుడి జేబులో ఎప్పుడూ మ్యాగ్నమ్‌లు ఉంటాయి, ఎడమలో వేసవి నాటి మెతక తూటాలు మిగిలినవి ఉంటాయి. లావుపాటి ఉన్ని తొడుగుల చేతులతో, కళ్లు సరిగ్గా ఆనని వెలుతురులో, కుడి జేబులోంచి మూడు తీసి ఎక్కించేసింది. చూడలేదు.

తొమ్మిదింటికి, లావెండరు వాసనకు కూడా జంకకుండా, ఒక ఆడజింక రిబ్బన్ ఇవతలికి వచ్చింది. డెబ్భై అడుగుల దూరం, పక్కకు తిరిగి ఉంది. ఇంతకంటే ఏం కావాలి? నెడ్రా ఊపిరి సగం వదిలి, మెల్లగా నొక్కింది. టప్! ధన్ మనాల్సిన చోట టప్ మంది. జింక పొట్ట కింద మట్టి లేచింది. జింక ఎగిరి, ఎవరో పిలిచినట్టు చెవులు తిప్పి, తెల్లతోక ఎత్తి గట్టు దాటేసింది.

నెడ్రా లీవరు లాగింది. బయటపడ్డ ఖాళీ గొట్టాన్ని తీసి చూసింది. పొట్టిగా ఉంది.

"ఓరి నీ దుంప తెగ, ఎల్డన్!" అని మొదట మొగుణ్ణి తిట్టింది. ఆ తరువాత తననే తిట్టుకుంది. తూటా చూసి ఎక్కించాల్సింది ఎవరు? ఎల్డనా? ముప్పై ఒక్కేళ్లు రోజూ బస్సు కదిలించే ముందు నాలుగు టైర్లూ కాలితో తన్ని చూసిన మనిషి, మూడు తూటాలు చూడలేకపోయిందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొగుడి మీద పెడితే ఏం లాభం? కళ్లలో నీళ్లు తిరిగాయి. చలికి అనుకుందామంటే ఆ రోజు చలి కూడా పెద్దగా లేదు.

అక్కడ ఇంకో తిరకాసుంది. ఈ ఇంట్లో, ఈ ఇంట్లోనేం, ఈ కొండల్లో ఎక్కడైనా, జింక మీద పేల్చి గురి తప్పితే చొక్కా వెనక కొస కత్తిరిస్తారు. ఆ గుడ్డముక్క మీద పేరు, తేదీ రాసి గోడకు మేకు కొడతారు. పాలకొట్టు గోడ నిండా అవే, మామగారివి రెండు, కోయ్‌వి ఐదు, పంతొమ్మిదో ఏటి డార్ల్‌ది ఒకటి, రంగు వెలిసి. నెడ్రాది ఒక్కటీ లేదు. మరి ఆ టప్‌ను ఎవరు విన్నారు? విన్నా కొమ్మ విరిగిందనుకుంటారు. చెప్పకపోతే గురి తప్పనట్టే.

మధ్యాహ్నం చిక్కుడు గింజలు వడ్డించుకుని, బెంచీ మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే నెడ్రా అంది. "డార్ల్, కత్తెర తెచ్చుకో."

"ఎందుకు?"

"పొద్దున పేల్చా. తప్పింది. మెతక తూటా ఎక్కించుకున్నా, చూసుకోకుండా."

పాలకొట్టు పైకప్పు లేచిపోయేలా నవ్వులు. కోయ్ బెంచీ మీంచి పడ్డంత పని చేశాడు. డార్ల్ కత్తెరతో చుట్టూ తిరిగి, పెళ్లికూతురు కొంగు పట్టినట్టు ఆమె చొక్కా కొస పట్టుకున్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్లు ఎదురుచూశా వదినా ఈ పూట కోసం. కదలకు, వంకరపోతుంది."

"త్వరగా కానియ్యి. నడుం చలేస్తోంది."

పసుపుపచ్చ పూల చొక్కా. ఆ గోడ మీద అంత అందమైన గుడ్డముక్క అంతకుముందు లేదు. నెడ్రా కూడా నవ్వింది, పడీపడీ నవ్వింది. చోటు పోతుందన్న దిగులు మాత్రం చిక్కుడు గింజల కింద అలాగే ఉండిపోయింది.

శుక్రవారం పోయింది. శనివారమూ పోయింది. ఇక ఆదివారం ఒక్కటే మిగిలింది. శనివారం సాయంత్రం కోయ్ ఇంటికొచ్చి వంటింట్లో నిలబడ్డాడు, టోపీ చేతుల్లో నలుపుతూ.

"పెద్దమ్మా, రేపు లోయ కింది నుంచి నేను తోలుతా. మా మేనమామ కొడుకులిద్దర్నీ పిలిచా. అరుచుకుంటూ వస్తాం. లోయలో ఉన్న ప్రతి తోకా నీ ముందుకే."

"పిచ్చివాడా, నాకు దొరక్కపోతే ఆ చోటు నీకే కదరా వస్తుంది."

"వస్తుంది. వద్దని నేనన్నానా? ఆ వాగు మూల కూర్చుని కూర్చుని నాకు ఉడతల చుట్టరికాలన్నీ తెలిసిపోయాయి." టోపీ ఇంకో చుట్టు నలిపాడు. "కానీ నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు బస్సులో పాంటు తడుపుకున్నా, గుర్తుందా? నువ్వు బస్సు ఆపి, నీ సీసాలో నీళ్లు సీటు మీద ఒంపి, కప్పు కారుతోందర్రా అని అరిచావు. ఎండాకాలం."

"గుర్తులేదు," అంది నెడ్రా. గుర్తుంది. ఆ మాటకు మొహం తిప్పుకుని వాడికి పై కోయడానికి వెళ్లింది.

ఆదివారం పొద్దున తూటాలు ఒక్కొక్కటి వెలుగులో పెట్టి, వేలితో తడిమి, ఎల్డన్‌కు కూడా చూపించి మరీ ఎక్కించుకుంది. డార్ల్ గట్టుకు అవతలి వాలులో, నూటయాభై అడుగుల కింద, తన చోట కూర్చున్నాడు. గట్టు దాటినవి ఏవైనా తప్పించుకుంటే ఆయన చూసుకుంటాడు. పదింటికి లోయ కింది నుంచి తోలేవాళ్ల కేకలు మొదలయ్యాయి. కోయ్ గొంతు అందరి మీదా వినిపించింది. చిన్నప్పుడు బస్సులో వాడు అరిచినప్పుడల్లా నెడ్రా "నోరు ముయ్" అనేది. ఇవాళ మాత్రం "ఇంకా అరువు నాన్నా, ఇంకా," అనుకుంది.

మొదట రెండు జింకలు దూరంగా, రిబ్బన్లకు బాగా అవతల, బాణాల్లా దూసుకుపోయాయి. తరువాత చాలాసేపు ఏమీ లేదు. కేకలు దగ్గరపడ్డాయి. ఇక అయిపోయినట్టేనని నెడ్రా అనుకుంటుండగా ఒక పెద్ద ఆడజింక తల వంచుకుని, దొంగలా, కనుమలోకి నడిచి వచ్చింది. రిబ్బన్ దాటి ఇవతలికి వచ్చి, అరవై అడుగుల దగ్గర ఆగి, వెనక కేకల వైపు తల తిప్పింది.

భుజం గుర్తు రాలేదు. చోటు గుర్తు రాలేదు. ముంగాలు వెనకనున్న ఒక్క అరచేతి మేర చోటు తప్ప ఏమీ కనపడలేదు. ధన్! రైఫిలు భుజాన్ని మెల్లగా తోసింది, అంతే. జింక ఎగిరింది. పడలేదు. ఒక్క దూకులో గట్టు దాటి అవతలి వాలులోకి దిగిపోయింది. నెడ్రా లీవరు లాగేలోపే కనుమ ఖాళీ అయింది.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు కింద నుంచి డార్ల్ షాట్‌గన్ ధడేల్ మంది. తరువాత అంతా నిశ్శబ్దం.

ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ నిశ్శబ్దం నెడ్రాకు నచ్చలేదు. తనది తప్పింది. లేదా తగిలీ తగలనట్టు తగిలితే డార్ల్ దించాడు. ఆ ఇంట జింక ఎవరిదంటే, చంపిన చిల్లు ఎవరిదో వాళ్లది. డార్ల్ గురి తప్పడు. సరే, పోతే పోయింది అనుకుందామని చూసింది, మనసు వినలేదు. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది. బస్సు సీటు మీద చెయ్యేసి ఒక్క నిమిషం అలాగే నిలబడి, ముక్కు చీదుకుని, వాలు దిగడం మొదలుపెట్టింది. మోకాళ్లు మొరాయించాయి. చెట్టు చెట్టూ పట్టుకుంటూ దిగేసరికి పావుగంట పట్టింది.

జింక రాలిన ఆకుల్లో పడి ఉంది. డార్ల్ దాని పక్కన, ఆమెకు వీపు పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కదల్లేదు.

"ఎవరిదయ్యా?" అంది నెడ్రా.

"రా వదినా. నువ్వే చూడు."

ఆమె మోకాళ్ల మీద వంగింది. డార్ల్ ముంగాలు వెనక బొచ్చు పక్కకు తీశాడు. పెన్సిలు పట్టేంత చిల్లు ఒక్కటి. తిరగేసి అవతలి వైపు చూపించాడు, బయటికి పోయిన చిల్లు ఒక్కటి.

"ఇంతే. ఇంకేం లేదు. నా గుండు దూరితే ఇందులో బొటనవేలు పట్టాలి. నేను పేల్చేటప్పటికే ఇది చచ్చింది వదినా, కాళ్లకు కబురందలేదు, అంతే."

"మరి నువ్వు పేల్చింది?"

డార్ల్ చూపించాడు. పది అడుగుల అవతల మణికట్టంత మేపుల్ మొక్క నడిమికి విరిగి, తెల్లగా చీలి వేలాడుతోంది. "దాన్ని దించా," అన్నాడు.

అప్పటికి కోయ్ రొప్పుకుంటూ వచ్చాడు. చిల్లు చూశాడు, మేపుల్ మొక్క చూశాడు, తండ్రి మొహం చూశాడు. వాడి మొహం నిండా నవ్వు పాకింది. "నాన్నా! నలభై ఏళ్ల తరువాత! చొక్కా!"

"కోద్దువుగాని లేరా, ఆగు. ఎక్కడికీ పారిపోను." డార్ల్ టోపీ మళ్లీ పెట్టుకుని, వదిన వైపు తిరిగాడు. "పిస్తోలు తూటాకి చస్తుందా అన్నాను కదూ. నా నోరు నేను మూసుకుంటా. ఒక వారం పాటు."

నెడ్రా నవ్వలేదు. ఆకుల్లో అలాగే కూర్చుని, మరిదిని ఎగాదిగా చూసింది. "డార్ల్, నేను దిగి వచ్చేసరికి పావుగంట పట్టింది."

"పట్టింది. ఆ మోకాళ్లకు కాస్త నూనె వేయించుకో."

"నేను గట్టు మీదుండగానే, నువ్వు ఇది నాదే అని ఒక్క కేకేసుంటే నేను ఒప్పుకునేదాన్ని. దిగి చూసేదాన్ని కూడా కాదు. ఆ చోటు నీ కొడుక్కి వచ్చేది."

కోయ్ నవ్వు ఆపేశాడు. డార్ల్ జేబులోంచి కత్తి తీసి, మడత విప్పి, వేలితో పదును చూసుకున్నాడు.

"నువ్వు ఒప్పుకునేదానివే వదినా," అన్నాడు. "కానీ నేను ఏటేటా ఈ వాలులోనే కదా కూర్చోవాలి, పైన కనుమని చూసుకుంటూ."

"ఊ, వెనక్కాళ్లు పట్టు," అన్నాడు డార్ల్. నెడ్రా రైఫిలులో మిగిలిన రెండు తూటాలు తీసి జేబులో వేసుకుని, చేతులు పైకి మడుచుకుని, జింక వెనక్కాళ్లు పట్టుకుంది.